మా బావ బుర్రలో తుప్పు

లోకంలో మతిమరుపు ఉన్నవాళ్ళందరూ దాన్ని దాచుకుంటారు. మా బావ ఊరేగించేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు చెయ్యి చాచి పేరు చెప్పబోతే, "ఎందుకండీ శ్రమ, ఎలాగూ మర్చిపోతాను" అని ఆపేసేవాడు. ఆ తరువాత చూపుడువేలితో నెత్తిమీద టకటక కొట్టుకుని, "తుప్పు" అని తేల్చేవాడు. ఆ చప్పుడు పాత రేకుడబ్బా మీద కొట్టినట్టే ఉండేదని నేను మనవలకు చెబుతుంటాను. ఒక వానాకాలం ఆయన చెవిలోంచి ఎర్రటి పొడి రాలిందని కూడా చెప్పాను. దాన్ని మాత్రం వాళ్ళు నమ్మలేదు.

ఆ మాట ఆయన ఎక్కడో విని పట్టుకున్నది కాదు. జీవితమంతా జీతం తీసుకున్నదే దానిమీద. పరిశోధనశాలలో మెదడు కణాలను గాజు పళ్ళేల్లో పెంచి, మనం పీల్చే ప్రాణవాయువే వాటిని ఎలా చెడగొడుతుందో చూడటం ఆయన ఉద్యోగం. మా అక్కను చేసుకున్న కొత్తలో మా ఇంటికి వచ్చి ఒక ఆపిల్ కోశాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది గోధుమరంగుకు తిరిగేదాకా ఇంటిల్లిపాదినీ దానిచుట్టూ కూర్చోబెట్టి, "చూశారా, గాలి చేసే పని ఇదే. మన మెదడులోనూ జరిగేది ఇంచుమించు ఇదే" అన్నాడు. అల్లుడు మొదటిసారి వచ్చాడు కదా అని మా నాన్న నోరు మూసుకున్నాడు. ఆ ఆపిల్ ఎవరూ తినలేదు.

"మెదడు బరువెంతో తెలుసా బావమరిదీ? ఒంట్లో యాభయ్యో వంతు. అది వాడుకునే ఆక్సిజన్ మాత్రం ఐదో వంతు. అత్తారింట్లో తిష్ట వేసిన అల్లుడు కూడా అంత మెక్కడు."

"వాడుకుంటే వాడుకోనీ. నష్టమేమిటి?"

"పొయ్యి ఎంత మండితే రవ్వలు అంత లేస్తాయి. ఒంట్లో ఆ రవ్వల్ని ఆర్పేవాళ్ళు ఉంటారనుకో. వయసు మీదపడ్డాక వాళ్ళకీ ఓపిక తగ్గుతుంది. మెదడు చూస్తే నూనెలో నానిన గుడ్డలాంటిది, నీళ్ళు తీసేస్తే సగానికి పైగా కొవ్వే. ఇక రవ్వ పడితే చెప్పాలా?"

"మరి తుప్పు పట్టకుండా చేస్తాయంటూ పళ్ళరసాలూ బిళ్ళలూ అమ్ముతున్నారుగా?"

"గాజు పళ్ళెంలో వేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మనిషికిచ్చి చూశారు. ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే."

"అసలు తుప్పు పట్టి మెదడు చెడుతోందా, చెడిన మెదడుకు తుప్పు పడుతోందా?"

"అది తెలిస్తే నీతో కూర్చుని కబుర్లెందుకు చెబుతాను?"

మా అక్క సంగతి కూడా చెప్పాలి. ఆమె పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరు. ఆమె అడుగుల చప్పుడు వినగానే జ్వరాలు తమంతట తామే ఒక డిగ్రీ దిగేవి. జబ్బులు పేషెంట్లకు వస్తాయి గాని సిస్టర్లకు రావని ఆమె గట్టి నమ్మకం. మంచం మీద ఉండేవాళ్ళు వేరు, మంచం పక్కన నిలబడేవాళ్ళు వేరు. ఒకసారి పన్ను పీకించుకోవలసి వస్తే, "నిలబడే ఉంటాను, పీకండి" అని దంతవైద్యుడితో వాదించి నెగ్గింది. పాపం, ఆయనే స్టూలెక్కి పీకాడు.

ఇద్దరూ రిటైరయ్యాక బావ తుప్పు ముదిరింది. ఒకరోజు వాళ్ళింట్లో గుడ్లకోసం ఫ్రిజ్ తెరిస్తే, గుడ్ల పక్కన ఒద్దికగా ఇంటి తాళాలు కూర్చుని ఉన్నాయి. నేను నోరు తెరవకముందే బావ, "నేనే పెట్టాను" అన్నాడు.

"తాళాలు ఫ్రిజ్‌లో ఎందుకు బావా?"

"చల్లదనంలో తుప్పు నెమ్మదిగా పడుతుంది. సైన్సు."

"విన్నావురా ఈయన సైన్సు?" అంది అక్క. "పొద్దున్నుంచీ తాళాలకోసం ఇల్లంతా బోర్లించాను. ఈయన్ని కట్టుకుని నేను ఎలా వేగాలి?"

మరో రోజు వంటింట్లో గిన్నె మాడి బొగ్గయింది. ఇల్లంతా పొగ. బావ కిటికీలు తెరుస్తూ, "నేనే పెట్టి మర్చిపోయాను. ఆక్సీకరణం అంటే ఇదేనోయ్, ఇంత దగ్గరగా చూసే అదృష్టం అందరికీ దొరకదు" అన్నాడు. ఇంకోసారి సంతకెళ్ళిన ఇద్దరూ బస్సు ఆఖరి స్టాపులో, ఎవరూ దిగని చోట దిగి నిలబడ్డారు. "తప్పు బస్సు నేనే ఎక్కించాను" అని బావ నాకు ఫోను చేశాడు. గొంతులో సిగ్గు లేకపోగా, లాటరీ తగిలినవాడి ఉత్సాహం ఉంది. నేను ఆటోలో వెళ్ళేసరికి అక్క బెంచీమీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఇంకోసారి ఈయన చెయ్యి వదిలితే నన్నడుగు" అంటోంది. నిజానికి ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నది ఆయనే.

నన్ను అన్నిటికంటే విసిగించింది మాత్రం కథల వ్యవహారం. అక్క ఆసుపత్రి కథలు బాగా చెప్పేది. వార్డులో ఒక పేషెంటు నర్సు టోపీ పెట్టుకుని పక్కవార్డులో ఇంజెక్షన్లు ఇచ్చి వచ్చిన కథ ఉంది. అది వినగానే నవ్వేవాళ్ళం. చెప్పడం ముగిసి కాఫీ తాగుతుండగా బావ, "నర్సు టోపీ అన్నావే, అదేమిటి? నాకు గుర్తు రావట్లేదు, మొదటినుంచి చెప్పు" అనేవాడు.

"ఇప్పుడేగా చెప్పింది" అనేవాణ్ణి నేను.

"నీకు చెప్పింది. నాకు తుప్పు. నువ్వు కాసేపు ఊరుకో."

అక్క మళ్ళీ మొదలుపెట్టేది. అదే చోట ఆగి, అదే చోట నవ్వేది. ఆయన కూడా అదే చోట, అంతే గట్టిగా నవ్వేవాడు. ఇదేం ఖర్మరా అని నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి.

వాళ్ళకు ఒక్కతే కూతురు. నా మేనకోడలు, వకీలు. పక్క వీధిలోనే కాపురం. మాడిన గిన్నె సంగతి తెలిసి వచ్చి, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది.

"గ్యాసు ఎవరు వెలిగించారు?"

"నేనే."

"ఎన్నింటికి?"

"గుర్తులేదు."

"గుర్తులేకపోతే వెలిగించింది మీరేనని ఎలా తెలుసు?"

"ఇంట్లో మతిమరుపు ఉన్నది నాకొక్కడికేగా."

కోర్టులో పెద్దపెద్దవాళ్ళ చేత నీళ్ళు తాగించే పిల్ల, తానే లేచి గ్లాసెడు నీళ్ళు తాగింది. నన్ను మెట్లదాకా తీసుకెళ్ళి, "మామయ్యా, నవ్వులాట కాదు. ఈసారి గిన్నె మాడింది, వచ్చేసారి ఇల్లు అంటుకుంటుంది. నాన్నని డాక్టరుకు చూపిద్దాం. జబ్బని తేలితే ఇక్కడ ఉంచలేను. మనుషులు కనిపెట్టి చూసే చోట చేర్పించాల్సిందే. అమ్మ ఎంతకని కాస్తుంది?" అంది. కళ్ళు తుడుచుకుంది.

లోపలినుంచి అక్క అన్నీ వింది. "ఎవర్నీ ఎక్కడా చేర్పించక్కర్లేదు. పేషెంటున్నచోట సిస్టరుంటుంది" అంది.

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ నాకు మొదటిసారి భయం వేసింది. అంత కాలం ఆ తుప్పును హాస్యమనుకున్నాను. నా అబద్ధాలను తెలిసి తెలిసి నమ్మినట్టు నటించే శ్రోత నాకు ఆయనొక్కడే. ఆయన పోతే నా కథలు ఎవరికి చెప్పుకోవాలి?

డాక్టరు దగ్గరికి రమ్మంటే బావ గోల చేస్తాడనుకున్నాం. చెయ్యలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. "కంట్రోల్ ఉండాలి. లేకపోతే ఆ పరీక్ష చెల్లదు."

"అంటే?" అన్నాను.

"ఒక ఎలుకను పరీక్షించాలంటే పక్కన ఇంకో ఆరోగ్యమైన ఎలుకను కూడా కూర్చోబెట్టాలి. రెంటినీ పోల్చాలి. నా ఇల్లు, నా తిండి, నా వయసు, అన్నీ ఉన్న మంచి ఎలుక ఇంకెక్కడ దొరుకుతుంది?" అని అక్కవైపు చూశాడు.

"నేను ఎలుకనా?"

"ఆరోగ్యమైన ఎలుకవు."

అక్కకు కోపం రావాలో గర్వపడాలో తెలియలేదు. చివరకు గర్వమే నెగ్గింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, జుట్టు బిగించి ముడేసి, డ్యూటీకి వెళ్తున్నట్టే బయల్దేరింది. వెనకాల మేనకోడలూ నేనూ.

డాక్టరు నెమ్మదస్తురాలు. నడివయసు ఆవిడ. గదిలో బల్ల, తెల్ల కాగితాలు, పెన్సిలు, గోడమీద కోసిన మెదడు బొమ్మ. ముందు బావ వంతు.

"మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. గొడుగు, కుర్చీ, నది. ఇప్పుడు ఏ నెలండీ?"

"పెన్షన్ ఇంకా పడని నెల."

"గడియారం బొమ్మ గీయండి."

ఆయన గడియారం గీసి దానికి మీసాలు పెట్టాడు.

"ఇందాకటి మూడు మాటలు చెప్పండి."

"పులి, సింహం, బావమరిది."

అక్క పకపకా నవ్వింది. "చూశారా డాక్టర్, ఈయనతో కాపురం నాది. లేవండి, నేను చెబుతాను." కుర్చీలో కూర్చోలేదు. దాని పక్కన, మంచం పక్కన నిలబడ్డట్టే నిలబడింది. డాక్టరు వేరే మూడు మాటలు చెప్పింది. దీపం, చెప్పులు, కొండ. నెల అడిగింది. అక్క ఏదో నెల చెప్పింది. అది ఆ నెల కాదు. పొరపాటులే అనుకున్నాను. గడియారం గీయమంది. అక్క వంగి, జాగ్రత్తగా, గుండ్రంగా సున్నా చుట్టింది. అంకెలు వేయడం మొదలుపెట్టింది. పన్నెండూ అయిపోయాయి. అన్నీ ఒకే పక్కన, వాన పడితే చూరు కింద ఒదిగిన జనంలా ఇరుక్కున్నాయి. రెండో పక్క ఖాళీ.

ఆమె పెన్సిలు ఆపి చూసింది. "ఇది... ఇలా ఉండదు కదా?" అంది. అంత చిన్న గొంతు ఆమె దగ్గర ఉందని నాకు తెలియదు.

"ఇందాకటి మాటలు చెప్పగలరా అమ్మా?"

"దీపం" అంది. ఆగింది. "దీపం..." చెయ్యి రవికె మీదకు వెళ్ళింది. ఒకప్పుడు అక్కడ పెన్నూ వాచీ తగిలించుకునేది. అక్కడ ఏమీ తగల్లేదు.

బావ బల్లమీదనుంచి కాగితం లాక్కుని కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "నాది మీసాల గడియారం. దీనికంటే నీదే నయం. డాక్టరుగారూ, ఆవిడ తప్పేం లేదు. మా ఇంటి గడియారం అచ్చం ఇలాగే ఉంటుంది. నేనే పడేసి పాడుచేశాను."

కాన్వెంటులో మదర్‌కు రోజూ కొత్త అబద్ధం చెప్పి పెరిగినవాణ్ణి నేను. దొంగను దొంగే పట్టాలంటారు. అయినా ఇన్నాళ్ళూ నా ముక్కు కిందే ఇంత పెద్ద అబద్ధం అంచెలంచెలుగా నడుస్తుంటే పసిగట్టలేకపోయాను. వాళ్ళింటి గడియారాన్ని నేను వారానికి ఒకసారైనా చూస్తాను. అది నిక్షేపంగా ఉంది.

రక్తపరీక్షకని అక్కను మేనకోడలు తీసుకెళ్ళింది. కారిడార్‌లో నేనూ బావా మిగిలాం. 

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"నాకంటే ముందు తనే కనిపెట్టింది. ఎంతైనా సిస్టరు కదా. ఒక రోజు వంటింట్లో గరిట పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఏమంటారో గుర్తు రావట్లేదంది. నేను గరిట అన్నాను. చాలాసేపు ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని కాదు అడిగింది. 'నన్ను పేషెంటును చెయ్యకు' అంది. ఆ మర్నాటికి ఆ మాట అన్న సంగతీ మర్చిపోయింది."

"అందుకని..."

"ఇద్దర్లో ఎవరో ఒకరు పేషెంటు కావాలి కదోయ్. నేనయ్యాను. డ్యూటీలో ఉన్న సిస్టరు గిన్నె మాడ్చదు, బస్సు తప్పెక్కదు. ఏది జరిగినా పేషెంటు చేసిందే."

"మరి కంట్రోలూ, ఎలుకా?"

"మామూలుగా పిలిస్తే వస్తుందా? పన్ను పీకించుకోవడానికే కూర్చోని మనిషి." కాసేపు చేతులు చూసుకున్నాడు. "గాజు పళ్ళెంలో ఎన్ని కణాల్ని కాపాడానో బావమరిదీ. చచ్చిపోబోయేవి మళ్ళీ కొమ్మలు వేస్తుంటే పిల్లవాడిలా గంతులేశాను. ఇంట్లో నా ఎదుటే రోజూ ఒక రవ్వ పడుతోంది. ఆర్పడానికి ఒక్క చుక్క లేదు నా దగ్గర. జీవితమంతా దాన్నే చదివాను. ఆ తుప్పుకు నా మీద మొహమాటం కూడా లేదు."

నేను ఏదైనా అబద్ధం చెప్పి ఓదార్చాలనుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

డాక్టరు ఆ తరువాత మేనకోడలితో మాట్లాడింది. ఈ జబ్బును తిప్పి పంపే మందు లేదని, కొంత నిదానింపజేయడానికి బిళ్ళలు ఉన్నాయని, ఇల్లూ అలవాట్లూ మార్చకపోతే మంచిదని చెప్పింది. మేనకోడలు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ విచారణ చేసిన ముద్దాయి నిర్దోషి అని తేలితే వకీలు ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

"నాన్నా, గిన్నె మీరు మాడ్చలేదు."

"లేదమ్మా."

"బస్సు?"

"లేదు."

"ఫ్రిజ్‌లో తాళాలు?"

"అవి మాత్రం నిజంగా నేనే" అన్నాడు బావ, నేరం ఒప్పుకుంటున్నవాడి ముఖంతో. "మీ అమ్మ తలుపు తీసుకుని వెళ్ళిపోతుందేమోనని భయం. ఫ్రిజ్‌లో అయితే వెతకదనుకున్నాను."

ఆ పిల్ల నవ్వబోయి, తండ్రి భుజానికి తల ఆనించి ఏడ్చింది. చేర్పించే మాట మళ్ళీ ఎత్తలేదు. వంటకు ఒక మనిషిని పెట్టింది. "నాన్న గ్యాసు దగ్గరికి పోకూడదని డాక్టరు చెప్పారు" అని తల్లికి చెప్పింది. అక్క తల పంకించి, "నేను ఎప్పుడో చెప్పాను" అంది.

బిళ్ళలతో మాత్రం పెద్ద చిక్కొచ్చింది. జబ్బు లేని సిస్టరు మందు ఎందుకు మింగుతుంది? బావ దానికీ దారి కనిపెట్టాడు. పొద్దున్నే దుప్పటి కప్పుకుని మంచం ఎక్కి, పళ్ళు బిగబట్టి, "చేదు. నేను మింగను" అని మారాం చేసేవాడు.

"చిన్నపిల్లాడిలా ఏమిటిది? నోరు తెరవండి."

"ముందు నువ్వు మింగి చూపించు."

"ఇదిగో, మింగాను. చచ్చిపోయానా? ఇప్పుడు మీరు."

ఆమె మింగేది అసలు బిళ్ళ. ఆయన మింగేది చక్కెర బిళ్ళ. మింగాక ముఖం ఎంత వికారంగా పెట్టేవాడంటే, ఆ వంటమనిషి కూడా ఆ మందు చేదేననుకుని నిజమైన జాలితో కాఫీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసేది. ఆ విధంగా నా బావ పేషెంటుగా మూడు కిలోలు పెరిగాడు.

అయినా జబ్బు తన దారిన తాను నడిచింది. నర్సు టోపీ కథ ముందు చివరను పోగొట్టుకుంది, తరువాత నడిమిని పోగొట్టుకుంది. బావ నవ్వవలసిన చోట తానే గుర్తుపెట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు విని ఆమె కూడా నవ్వేది. నేను గోడకేసి చూడటం మానేశాను. మూడోసారి కూడా నవ్వడం నేర్చుకున్నాను. కూతుర్ని ఆమె డ్యూటీ మారడానికి వచ్చిన కొత్త సిస్టరనుకునేది. నన్ను మందుల కంపెనీవాణ్ణి అనుకుని, "శాంపిళ్ళు అక్కడ పెట్టి వెళ్ళండి" అనేది. నేను జేబులోంచి పిప్పరమెంట్లు తీసి బుద్ధిగా అక్కడ పెట్టేవాణ్ణి.

మొన్న ఒక మధ్యాహ్నం వెళ్ళాను. బావ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. అక్క పక్కన నిలబడి ఆయన నాడి పట్టుకుని కిటికీలోంచి బయటకు చూస్తోంది. వాచీ లేదు, లెక్కా లేదు. ఆ వేళ్ళు మాత్రం సరిగ్గా నాడిమీదే ఉన్నాయి. చెయ్యి దింపి, దుప్పటి అంచు సర్ది, నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది.

"ఈ పేషెంటు మీకు చుట్టమా?"

"అవునండీ. బావ అవుతాడు."

"చాలా మంచి మనిషి. పాపం, ఏమీ గుర్తుండదు." గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళనుంచి ఇక్కడ ఉన్నాడు. భార్య ఉందంటాడు. ఒక్కరోజైనా చూడ్డానికి రాదు. అదేం మనిషండీ?"

ఆమె గొంతు తగ్గించానని అనుకుంది గాని, వార్డు చివరి మంచానికి వినపడేలా మాట్లాడటం ఆ గొంతుకు అలవాటు. బావ అన్నీ విన్నాడు.

"రాకపోతే పోనీలెండి సిస్టర్. మీరు చూస్తున్నారుగా" అన్నాడు.

"నేను చూడటం వేరు, ఆవిడ చూడటం వేరు. రానీండి, గడ్డి పెడతాను."

"మరీ గట్టిగా అనకండి. చాలా మంచిదండీ."

"ఇలా వెనకేసుకొచ్చే మొగుళ్ళుండబట్టే ఆడవాళ్ళు అలా తయారవుతారు. నోరు తెరవండి."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. ఆమె థర్మామీటరు నోట్లో పెట్టేసింది. దాన్ని పెదాలతో బిగించి, బుద్ధిమంతుడిలా ఆమెకేసి చూస్తూ పడుకున్నాడు.